యోనాతాను నిమిత్తము

పఠనీయ భాగములు: 2 సమూయేలు 1:17–27, 2 సమూయేలు 9:1–13, సామెతలు 12:10

ముఖ్యాంశము: చనిపోయిన ప్రాణిమీద మనకున్న ప్రేమ సమాధిలో మూయబడనక్కరలేదు, దిక్కులేని మరియొక ప్రాణికి అది దయగా మారవచ్చును.

పది పండ్రెండు సంవత్సరములు ఇంటిలో మెలగిన కుక్క చనిపోయినప్పుడు ఆ యింటివారి దుఃఖము చాలమందికి అర్థము కాదు. మేకునకు గొలుసు వ్రేలాడుచుండును. అన్నము కలిపి పెట్టిన పళ్లెము బోర్లించి యుండును. సాయంకాలము గేటు చప్పుడైనప్పుడు ఎదురు వచ్చు ప్రాణి లేదు. సంఘములో ఎవరితోనైన చెప్పుకొందమన్నను, కుక్క కొరకా యింత యేడ్పు అని నవ్వుదురేమోయని వెరపు. కొన్ని దినములు గడచిన పిమ్మట ఆ యింట ఒక ప్రశ్న పుట్టును. మరల ఒక కుక్కను తెచ్చుకొనవచ్చునా? తెచ్చుకొన్నచో పోయినదానికి ద్రోహము చేసినట్లు కాదా?

కొందరు ఇక ఏ ప్రాణిని పెంచబోమని ఒట్టు పెట్టుకొందురు. మరికొందరు వారము తిరుగకమునుపే అదే జాతి, అదే రంగు పిల్లను వెలయిచ్చి కొని, పాత పేరే పెట్టుదురు. ఈ రెండింటికి నడుమ లేఖనము మనకు చూపు మార్గమొకటి కలదు. దావీదు మహారాజు తన ప్రియ స్నేహితుని పోగొట్టుకొనిన తరువాత నడచిన మార్గమది. ఆ వృత్తాంతము మనుష్యులను గూర్చినదే. అయినను ప్రేమించినవారు పోయిన తరువాత ఆ ప్రేమను ఏమి చేయవలెనో అది మనకు నేర్పుచున్నది.

1. ఈ దుఃఖము సిగ్గుపడదగినది కాదు

నాతాను ప్రవక్త దావీదునకు చెప్పిన ఉపమానమును జ్ఞాపకము చేసికొనుడి (2 సమూయేలు 12:1–6). బీదవాడొకడు ఒక చిన్న ఆడు గొఱ్ఱెపిల్లను కొని పెంచెను. అది అతని బిడ్డలతో కూడ పెరిగెను, అతని అన్నములో పాలు పొందెను, అతని కౌగిటిలో నిద్రించెను, అతనికి కుమార్తెవలె నుండెను. ఈ ఉపమానము దావీదు పాపమును బయలుపరచుటకు చెప్పబడినదే గాని పశువులను గూర్చిన బోధ కాదు. అయినను దాని బలమంతయు ఒక్క సంగతిమీద ఆధారపడియున్నది. మనుష్యుడు ఒక మూగప్రాణిని అంతగా ప్రేమించుట వినువారికి సహజముగా తోచవలెను. గొఱ్ఱెపిల్లయే గదాయని దావీదు నవ్వలేదు; అతని కోపము రగులుకొనెను. ఆ ప్రేమను ప్రవక్తయు ఎగతాళి చేయలేదు, రాజును ఎగతాళి చేయలేదు.

ఒక ఊరంతయు ఇట్టి దుఃఖమును పొందిన దినమొకటి పుదుచ్చేరిలో కలదు. మన తెలుగువారి యానాము చేరియున్న కేంద్రపాలిత ప్రాంతమునకు రాజధాని ఈ పట్టణమే. అచ్చటి మనకుళ వినాయగర్ దేవాలయమునకు చెందిన లక్ష్మి అను ఏనుగు ఇరువది యేండ్లకు పైగా పట్టణవాసులకు పరిచయమైనది. 2022 నవంబరు 30వ తేదీ ఉదయమున వాహ్యాళికి వెళ్లుచు అది వీధిలోనే కూలి ప్రాణము విడిచెను. వేలకొలది జనులు వచ్చి కన్నీరు విడిచిరి. ఆ దేవాలయపు ఆరాధన మనది కాదు. అయినను ప్రతిదినము చూచిన ఒక ప్రాణి యికలేదన్న వేదన ఏ ఒక్క మతస్థులకో చెందినది కాదు. అది సృష్టికర్త మనుష్య హృదయములో నుంచిన మార్దవమునకు గురుతు.

ఇందులో మితము కూడ కలదు. పిచ్చుకలలో ఒకటియు దేవునియెదుట మరువబడదని ప్రభువు సెలవిచ్చెను. ఆ వెంటనే మీరు అనేకమైన పిచ్చుకలకంటె శ్రేష్ఠులని కూడ సెలవిచ్చెను (లూకా 12:6, 7). ఈ రెండు మాటలను కలిపియే పట్టుకొనవలెను. మొదటిది మరచినవాడు కఠినుడగును. రెండవది మరచినవాడు పొరుగింటి బిడ్డ ఆకలికంటె తన కుక్క ఆకలిని పెద్దగా ఎంచును.

2. దావీదు మరియొక యోనాతానును వెదకలేదు

గిల్బోవ కొండలమీద యోనాతాను హతుడైనప్పుడు దావీదు వస్త్రములు చింపుకొనెను, ఉపవాసముండెను, విలాపగీతము రచించి యూదావారికి నేర్పించెను. అతడు తన దుఃఖమును దాచలేదు, త్వరపెట్టలేదు. తొమ్మిదవ అధ్యాయమునకు వచ్చునప్పటికి ఎంతకాలము గడచెనో గమనించుడి. తండ్రి మరణవార్త వచ్చిన దినమున మెఫీబోషెతు అయిదేండ్ల బాలుడు (4:4). రాజు అతనిని పిలిపించినప్పుడు అతనికే ఒక చిన్న కుమారుడుండెను (9:12). అనగా అనేక సంవత్సరములు గడచినవి. దుఃఖమునకు దాని కాలము దానికి కావలెను. ఏడ్చుట ముగియకమునుపే క్రొత్త ప్రాణిని తెచ్చుట ఆ ప్రాణికి న్యాయము కాదు.

ఇక దావీదు అడిగిన ప్రశ్నను చూడుడి. యోనాతాను వంటివాడు ఎవడైన కలడా అని అతడు అడుగలేదు. యోనాతాను నిమిత్తము నేను దయ చూపదగినవాడు ఆ యింట ఎవడైన మిగిలియున్నాడా అని అడిగెను. ఇచ్చట హీబ్రూ మూలములో ‘హెసెద్’ అను మాట కలదు. క్షణికమైన జాలి దాని అర్థము కాదు. మాట యిచ్చి నిలుపుకొను కృప అని దాని భావము. పూర్వము యోనాతాను తన యింటివారి కొరకు దావీదును కోరినది ఈ కృపనే (1 సమూయేలు 20:14, 15).

దొరికినవాడు యోనాతానువంటివాడు కానే కాడు. యోనాతాను విలుకాడు, శూరుడు. మెఫీబోషెతు రెండు కాళ్లును కుంటివాడు. దావీదు అతని చేతికి తండ్రి వింటినిచ్చి ఎక్కుపెట్టుమని చెప్పలేదు. అతడు ఉన్నవాడు ఉన్నట్లుగనే బల్లయొద్దకు వచ్చెను.

ప్రియ పాఠకులారా, దుఃఖించు యింటికి ఇదియే పాఠము. పోయిన కుక్క బంతి విసరిన పరుగెత్తి తెచ్చినదేమో. ఇప్పుడు వచ్చినది మంచము క్రింద దూరి మూడు దినములు బయటికి రాకపోవచ్చును. అది పిలిచిన పలికినది. ఇది చీపురు ఎత్తినంతనే వణకవచ్చును. వచ్చినదానికి పోయినదాని పేరు పెట్టి, పోయినదాని అలవాట్లు కోరుట క్రూరత్వము. మొదటిదానిమీద ప్రేమ రెండవదానికి దయయై ప్రవహింపవలెను గాని, కొలతబద్దయై దానిని కొట్టరాదు. అప్పుడు పోయినదానికి ద్రోహమేమియు లేదు. మెఫీబోషెతు భుజించిన ప్రతి పూటయు యోనాతాను పేరు ఆ బల్లయొద్ద నిలిచియే యుండెను గదా.

3. బల్లయొద్ద చోటులేని వానికి చోటు

మెఫీబోషెతు రాజునెదుట సాగిలపడి తన్ను తాను చచ్చిన కుక్కతో పోల్చుకొనెను (9:8). ఆ కాలమున అంతకంటె నీచమైన మాట వేరొకటి లేదు. లేఖనములలో కుక్క తరచుగా ఊరి వెలుపల తిరుగునది, ఎవరికిని చెందనిది. అయితే ధనవంతుని వాకిట పడియున్న లాజరునొద్దకు మనుష్యులెవరును వచ్చినట్లు వ్రాయబడలేదు. కుక్కలు వచ్చినవి (లూకా 16:21).

పుదుచ్చేరి సముద్రతీరపు వీధిలో సాయంకాలము వాహనములు నిలిపివేసిన తరువాత నడచువారు ఆ కుక్కలను చూచియే యుందురు. మన ఊళ్లలోను అవి కలవు. వాటిలో కొన్నిటి చెవి కొన కత్తిరించి యుండును. సంతాన నిరోధక శస్త్రచికిత్సయు రేబీస్ టీకాయు జరిగినవనుటకు అది గురుతు. 2001లో మొదట చేయబడి, 2023లో క్రొత్తగా వెలువడిన కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారము, ఇట్లు చికిత్స పొందిన కుక్కలను పట్టిన చోటనే మరల విడిచిపెట్టుదురు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో మరియొక మాట కలదు. జంతువులను ప్రేమించువారు పురపాలక సంస్థకు దరఖాస్తు చేసికొని వీధికుక్కలను దత్తత తీసికొనవచ్చును. అట్లు తీసికొన్న కుక్క మరల వీధిపాలు కాకుండ చూచుట వారి బాధ్యత. ఈ రెండవ మాటలో ‘హెసెద్’ యొక్క ఛాయ కనబడుచున్నది. చేరదీయుట ఒక దినపు పని. విడువకుండుట జీవితకాలపు పని.

మన ప్రొటెస్టెంటు పితరులు ఈ విషయమున మౌనముగా లేరు. జాన్ వెస్లీ 1781లో రోమా 8:19–22 వచనములపై ఒక ప్రసంగము వ్రాసి, సృష్టి అంతయు విడుదల పొందు దినమున మూగజీవులకును పాలు కలదని వాదించెను. మన పెంపుడు ప్రాణిని మరల చూతుమా యను ప్రశ్నకు లేఖనము ప్రత్యేకముగా ఉత్తరమియ్యలేదు. కాని మూలుగుచున్న సృష్టిని దేవుడు మరువలేదని ఆ వచనములు సాక్ష్యమిచ్చుచున్నవి. 1824 జూన్ 16న లండనులో జంతుహింసా నివారణ సంఘము స్థాపింపబడినప్పుడు దానికి కారకుడు ఆర్థర్ బ్రూమ్ అను ఆంగ్లికను సంఘ గురువు. బానిస వ్యాపారమును ఎదిరించిన విలియమ్ విల్బర్‌ఫోర్సు అతనితో కూడ నుండెను. ఆ సంఘపు అప్పుల నిమిత్తము బ్రూమ్ 1826లో చెరసాలకు కూడ వెళ్లెను. బానిస కొరకు పోరాడిన చేయియే గుఱ్ఱము కొరకును చాపబడెను. మనుష్యులయెడల దయయు జంతువులయెడల దయయు ఒకదానికొకటి శత్రువులు కావు.

4. మాట యిచ్చుటకు ముందు లెక్క చూచుకొనవలెను

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పెను (లూకా 14:28). వీధికుక్కను తెచ్చుకొనగోరు కుటుంబము ఈ సంగతులు ఆలోచింపవలెను.

మొదటిది, ఇంటివారందరి సమ్మతి. వృద్ధులు, పసిబిడ్డలు ఉన్నచో వారి క్షేమము ముందు చూడవలెను. అద్దె యిల్లయినచో యజమానితో ముందుగానే మాటలాడవలెను.

రెండవది, వైద్యము. తెచ్చిన దినముననే పశువైద్యునికి చూపవలెను. పుదుచ్చేరివారికి కురుంబాపేటలో రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధనా సంస్థ కలదు. ఇతర పట్టణములలో ప్రభుత్వ పశువైద్యశాలలు కలవు. నులిపురుగులకు మందు, మూడు నెలలు నిండిన పిల్లకు రేబీస్ టీకా, పిమ్మట వైద్యుడు చెప్పినట్లు మరల టీకాలు, తగిన వయస్సున శస్త్రచికిత్స. వీటిలో ఏదియు మానరాదు.

మూడవది, పొరుగువారి క్షేమము. రేబీస్ లక్షణములు బయటపడిన తరువాత మనుష్యుడు బ్రదుకుట దాదాపు అసాధ్యము. కరచినను, గీరినను, వెంటనే సబ్బుతోను ధారగా పడు నీటితోను పదునైదు నిమిషములు గాయమును కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకొనవలెను. వీధిలో కుక్కలకు అన్నము పెట్టువారు పిల్లలు ఆడు స్థలములకును ఇండ్ల గుమ్మములకును దూరముగా పెట్టవలెనని 2023 నిబంధనలు చెప్పుచున్నవి. పొరుగువాని భయమును లెక్కచేయని దయ సగము దయయే.

నాల్గవది, ఓపిక. మెఫీబోషెతును చేర్చుకొనిన తరువాత దావీదునకు చిక్కులు రాకపోలేదు. సీబా కొండెములు చెప్పెను, రాజు తొందరపడి భూమిని అతనికిచ్చివేసెను, తరువాత పంచి సరిచేయవలసి వచ్చెను (16:1–4, 19:24–30). అయినను సౌలు వంశస్థులు అప్పగింపబడిన దినమున, యోనాతానుతో చేసిన ప్రమాణమునుబట్టి దావీదు మెఫీబోషెతును విడువలేదు (21:7). చెప్పులు కొరికినదనియు, రాత్రి అరచినదనియు, ముసలిదైనదనియు తెచ్చినదానిని మరల వీధిలో విడుచువాడు ఈ వచనమును చదువవలెను.

ఇవి మోయుటకు శక్తి లేనివారు బాధపడనక్కరలేదు. అందరికిని ఈ పిలుపు లేదు. వాకిట ఒక మట్టిమూకుడులో నీరు పెట్టుటయు, ఒక వీధికుక్క టీకాకు ఖర్చు భరించుటయు, ప్రాణి పోయిన పొరుగింటికి వెళ్లి నవ్వక కూర్చుండుటయు, ఇవన్నియు ప్రేమకు తగిన పనులే. నీతిమంతుడు తన పశువు ప్రాణమును గూర్చి తెలిసినవాడని సామెతల గ్రంథము చెప్పుచున్నది. దాని విలువను మాత్రమే కాదు, దాని ఆకలిని, భయమును, నొప్పిని కూడ అతడెరుగును.

మనమును ఒకప్పుడు ఏ హక్కు లేనివారమై యుంటిమి. మరియొకని నిమిత్తము, అనగా క్రీస్తు నిమిత్తము, తండ్రి మనలను తన బల్లయొద్ద చేర్చుకొనెను. ఈ కృపను ఎరిగినవాని యింట గుమ్మము కొంచెము వెడల్పుగానే యుండును.

ఆలోచనకు ప్రశ్నలు

1. నాతాను ఉపమానములో బీదవాని ప్రేమను దావీదు ఎట్లు ఎంచెను? ప్రాణి పోయి దుఃఖించు వారియెడల మన సంఘము ఎట్లు ప్రవర్తించుచున్నది?
2. యోనాతాను వంటివానిని వెదకుటకును, యోనాతాను నిమిత్తము దయ చూపుటకును భేదమేమి?
3. మీ వీధిలోని కుక్కల విషయమై, పొరుగువారి క్షేమమునకు భంగము లేకుండ మీరు చేయగలిగిన ఒక పని ఏది?

ప్రార్థన

సమస్త ప్రాణులకును ఆహారమిచ్చు తండ్రీ, నీవు మాకు కొంతకాలము అప్పగించిన చిన్న ప్రాణులకొరకు స్తోత్రము. వాటిని పోగొట్టుకొని దుఃఖించు ఇండ్లను ఆదరించుము. మా ప్రేమ గతములోనే నిలిచిపోక, చోటులేని వాటికి చోటిచ్చు దయగా దానిని మార్చుము. ఇచ్చిన మాటను తుదివరకు నిలుపుకొను శక్తి దయచేయుము. మమ్మును తన నిమిత్తము చేర్చుకొనిన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.