వంటగట్టు సంగతి

చిన్నా,

కింది వాటా బాగుచేయించి అద్దెకిద్దామనుకుంటున్నావనీ, వంటగట్టుకి తెల్ల మార్బుల్ చూసి వచ్చావనీ మీ అమ్మ చెప్పింది. ఫోటో పంపింది. అందంగానే ఉంది. అయినా వద్దు నాన్నా.

పెళ్లయిన కొత్తలో మేం అద్దెకున్న ఇంట్లో గట్టు అలాంటిదే. ఒక రాత్రి చింతపండు నానబెట్టిన గిన్నె ఒలికింది, చూసుకోలేదు. పొద్దున్నకి అక్కడ నునుపు పోయి, అరచేయంత మేర పాలిపోయింది. మార్బుల్ సున్నపురాయి జాతిది, పులుపు తగిలితే పాలిష్ తినేస్తుంది. అది నాకు తెలియక వారం రోజులు తోముతూనే ఉన్నాను. ఇంటావిడ వస్తే ఆ చోట పళ్లెం బోర్లించేదాన్ని. ఖాళీ చేసిన రోజు అడ్వాన్సులో కోశారు. డబ్బుకి కాదు, ఇల్లు చూసుకోవడం చేతకాలేదన్న మాటకి ఏడ్చాను. మనింట్లో దిగబోయే ఆ పిల్ల ఎవరో గానీ, అలా పళ్లెం బోర్లించుకుని బతకకూడదు.

నల్ల గ్రానైట్ వేయించు. ఒంగోలులో ఉండి దూరం పోవడమెందుకు? నల్లటి రాతిలో రాగిచుక్కలు మెరిసే చీమకుర్తి గెలాక్సీ దేశదేశాలకి వెళ్తోంది. అద్దె వాటాకి గెలాక్సీయే అక్కర్లేదు, మామూలు నలుపు చాలు. మందం మాత్రం 18 మిల్లీమీటర్లకి తగ్గనివ్వకు. పొయ్యి మీంచి కుక్కర్ దించి పెట్టినా ఏమీ కాదు, పసుపు ఒలికినా తుడిస్తే పోతుంది. కడప బండ చౌకే గానీ అదీ సున్నపురాయే, కింద అరలకి వాడుకో. క్వార్ట్జ్ అంటే రాతిపొడిని రెజిన్‌తో అతికించిన పలక. కాలే మూకుడు పెడితే మచ్చపడుతుంది. దాన్ని కోసే పనివాళ్ల ఊపిరితిత్తులు పాడవుతున్నాయని ఆస్ట్రేలియాలో 2024 జూలై నుంచి ఆపేశారు కూడా. మన మేస్త్రి గ్రానైట్ కోసినా సరే, నీళ్లు పోస్తూ కోయమను, మాస్కు నువ్వే కొనివ్వు.

కొనేముందు ముక్క మీద నిమ్మకాయ పిండి, పది నిమిషాలాగి తుడిచి చూడు. మెరుపు తగ్గితే ఆ రాయి వదిలెయ్. గోళ్లరంగు తుడిచే మందులో దూది ముంచి రుద్దు. దూదికి నలుపు అంటితే అది రంగేసిన రాయి.

స్టవ్ కోసం గట్టుకి కన్నం పెట్టించకు, అద్దెకొచ్చేవాళ్లు ఎవరి స్టవ్ వాళ్లు తెచ్చుకుంటారు. సింకు వైపు కాస్త వాలు ఉండాలి. అంచు అడుగున సన్నటి గాడి కొట్టించు, కారిన నీళ్లు లోపలికి పాకకుండా అక్కడే చుక్కలుగా రాలిపోతాయి. సింకు దగ్గర అతుకు రానివ్వకు.

శనివారం రాయి చూడ్డానికి వెళ్తే నన్నూ ఎక్కించుకో. నిమ్మకాయ, దూది నేను తెస్తాను.

మీ పెద్దమ్మ