విరిగిన భరిణెను ఏం చేద్దాం?

కరీంనగర్ వైపు పాత ఇళ్లలో బీరువా తెరిస్తే పట్టుచీరల కింద వెండి తీగల కుంకుమ భరిణె ఒకటి కనిపించడం వింతేమీ కాదు. దాని మూత బందు ఊడిపోయి ఉండటమూ వింత కాదు. పెళ్లికి అమ్మమ్మ పెట్టింది కాబట్టి పారేయబుద్ధి కాదు. బాగు చేయిద్దామంటే ఉన్నది కూడా చెడిపోతుందేమోనని బెరుకు. చివరికి "చూద్దాంలే" అనుకుని దాన్ని మళ్లీ చీరల కిందికే తోసేస్తాం.

నా పేచీ ఆ "చూద్దాంలే"తోనే. బాగు చేయించడం ఒక నిర్ణయం, విరిగినదాన్ని విరిగినట్టే దాచుకోవడమూ నిర్ణయమే. వాయిదా వేస్తే మాత్రం నిర్ణయం మన చేతుల్లోంచి జారిపోతుంది. పైన బరువు పడి సన్నని తీగలు నలుగుతాయి, ఊడిన ముక్క ఎక్కడో పోతుంది. ఇక బాగు చేయించాలన్నా కుదరదు.

చాలామంది నేరుగా పనివాడి దగ్గరికి వెళ్లి "అతుకుతుందా?" అని అడుగుతారు. అంతకంటే ముందు మనల్ని మనం అడగాల్సింది "దీంతో నాకేం పని?" అని. రోజూ పూజలో కుంకుమ తీసుకోవాలంటే బందు ఉండి తీరాలి, బాగు చేయించాల్సిందే. పండక్కోసారి చూసుకుని మురవడానికైతే ఊడిన మూతను పక్కన పెట్టినా సరిపోతుంది. ఇక ఆ విరుపుకే ఒక కథ ఉంటుంది కొన్ని ఇళ్లలో: చిన్నప్పుడు తమ్ముడు కింద పడేశాడు, అమ్మమ్మ నవ్వి ఊరుకుంది. అక్కడ అతుకు పెట్టిస్తే ఆ కథకు ఉన్న ఆనవాలు పోతుంది.

వస్తువు ఎలా తయారైందో కొంత తెలిస్తే నిర్ణయం తేలికవుతుంది. మానేరు ఒడ్డున ఎల్గందులలో వేళ్లూనుకుని కరీంనగర్‌కు చేరిన ఈ వెండి తీగల పనికి, అంటే ఫిలిగ్రీకి, 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మేలిమికి దగ్గరైన వెండిని కమ్మచ్చు కన్నాల్లోంచి లాగి వెంట్రుకంత తీగ చేస్తారు. రెండు తీగలు కలిపి మెలిపెట్టి, అణచి, చుట్టలు చుట్టి, కాస్త లావుపాటి తీగతో చేసిన చట్రంలో ఒద్దికగా పేరుస్తారు. వెలిగారం అద్ది, టంకం పొడి చల్లి, మంట ఊదుతారు. వెండి 961 డిగ్రీల దగ్గర కరుగుతుంది, టంకం అంతకంటే తక్కువ వేడికే కరగాలి. పని నేర్పంతా ఆ రెండు వేడుల మధ్య ఉన్న సందులోనే ఉంది. ఒక్క క్షణం ఎక్కువ ఊదితే తీగ కాస్తా గుండై కూర్చుంటుంది.

రిపేరులో ఉన్న కష్టమూ ఇదే. ఊడిన చోట మంట పెడితే పక్కనున్న పాత అతుకులూ మెత్తబడతాయి. అందుకే మంచి పనివాడు సగం సేపు భరిణెను తిప్పి తిప్పి చూస్తాడు. అది సాగదీత కాదు, అనుభవం. వెంటనే "అయిపోద్ది, ఇచ్చిపో" అన్నవాడిని నేనైతే నమ్మను. మరో హెచ్చరిక: బజార్లో పాత్రలకు వేసే సీసం టంకం వెండి తీగకు వేయించకండి. తర్వాత ఎవరైనా దాన్ని సరిగా అతకాలని వేడి చేస్తే ఆ సీసం వెండిని తినేస్తుంది.

జపాన్‌లో పగిలిన గిన్నెలను అతికి, అతుకుల మీద బంగారం పొడి అద్దే పద్ధతిని వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో తెగ చెబుతున్నారు. పింగాణీకి బాగుంది. మన ఇళ్లలో ఉన్న వస్తువుల తీరు వేరు. నిర్మల్ బొమ్మ పొనికి చెక్కది. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతికే పద్ధతి ఆ పనివాళ్లకు తరతరాలుగా ఉంది కాబట్టి విరిగిన కొమ్మైనా రెక్కైనా నిలబడుతుంది. జాగ్రత్త పడాల్సింది రంగు దగ్గర. అతుకు కనిపించనంత మేరకే రంగు వేయమనాలి. బొమ్మంతా కొత్తగా వేయిస్తే పాత చిత్రకారుడి చెయ్యి పోతుంది. ఆదిలాబాద్ డోక్రా ఇత్తడి బొమ్మల సంగతి వేరు. వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడ ఓఝా పనివాళ్లు మైనపు తీగలు చుట్టి, పైన మట్టి పూసి, ఇత్తడి పోసి, చివరికి అచ్చును పగలగొట్టి బొమ్మను బయటికి తీస్తారు. దానికి జోడు ఉండదు. విరిగిన ఇత్తడిని కరిగించి పోస్తే కొత్త బొమ్మ వస్తుంది, పాతది రాదు. కొందరికి ఆ లోహం మిగిలితే చాలు, కొందరికి ఆ రూపమే కావాలి. తాము ఏ కోవలోవాళ్లో ముందే తెలుసుకున్నవాళ్లు తర్వాత బాధపడరు.

ఇంకో చిక్కుంది. అమ్మమ్మ భరిణె మీ బీరువాలో ఉన్నంత మాత్రాన మీ ఒక్కరిదే అయిపోదు. అక్కకు, తమ్ముడికి ఫోన్ చేసి "ఇట్లా చేద్దామనుకుంటున్న, ఏమంటరు?" అని అడగండి. ఒకరికి అది మెరవాలని ఉంటుంది, ఇంకొకరికి ఆ నల్లబడిన రంగే అమ్మమ్మ గుర్తు. అడగకుండా మెరుగు పెట్టించిన వెండి వల్ల అన్నదమ్ములు అలిగిన ఇళ్లు లేకపోలేదు. ఖర్చు ఎవరు పెట్టుకున్నా మాట అందరిదీ తీసుకోవడం పెద్దరికం.

వచ్చే పండుగ లోపే భరిణెను బయటికి తీయండి. రాలిన తీగ ముక్కలన్నీ ఒక చిన్న పొట్లంలో కట్టండి, నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. ఫిలిగ్రీ పని తెలిసినవాళ్లకే చూపించి, "అతికితే ఏది పోతుంది?" అని అడగండి. జవాబు మనసుకు పట్టకపోతే మొహమాటపడకుండా ఇంటికి తెచ్చుకుని, విరిగినదాన్ని అద్దాల అరలో నలుగురికీ కనిపించేలా పెట్టండి.