“బాగానే ఉన్నామండీ” అనకండి

ఆస్ట్రేలియాలో పెద్దవాళ్లకు ఇంటికొచ్చి సాయం చేసే ప్రభుత్వ పద్ధతి 2025 నవంబర్ 1న మారింది. హోమ్ కేర్ ప్యాకేజీలు పోయి ‘సపోర్ట్ ఎట్ హోమ్’ వచ్చింది. పాత నాలుగు స్థాయిలకు బదులు ఇప్పుడు ఎనిమిది తరగతులు. వృద్ధుల సంరక్షణలో ఉన్న నిర్లక్ష్యాన్ని రాయల్ కమిషన్ బయటపెట్టి 2021లో నివేదిక ఇచ్చాక, 2024లో చేసిన కొత్త చట్టం దీనికి ఆధారం. పార్కిన్సన్స్ ఉన్న మా ఆయన్ని మెల్‌బోర్న్‌లో చూసుకుంటూ పాతదీ, కొత్తదీ రెండూ చూశాను. పిల్లల దగ్గరకొచ్చి ఇక్కడే ఉండిపోయిన మన పెద్దవాళ్ల కోసం రాస్తున్నాను.

1. ఎంత సాయం కావాలో అంచనా వేయడానికి వచ్చినవాళ్ల దగ్గర మొహమాటపడకండి. గడపలోకి ఎవరొచ్చినా “బాగానే ఉన్నామండీ” అనడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ ఒక్క రోజూ దాన్ని పక్కన పెట్టాలి. వచ్చినావిడ కుర్చీలోంచి లేవమంటుంది. స్నానం ఎలా చేస్తున్నారు, మందులు ఎవరిస్తున్నారు, ఈమధ్య ఎప్పుడైనా పడ్డారా అని అడుగుతుంది. మీ జవాబుల్ని బట్టి తరగతి, తరగతిని బట్టి డబ్బు. తెల్లారేసరికి కాళ్లు బిగుసుకుపోయి మంచం దిగడానికి అరగంట పడుతుంటే ఆ మాటే చెప్పండి. బాగా లేని రోజు ఎలా గడుస్తుందో చెప్పండి. పక్కనున్న కొడుకు ప్రేమకొద్దీ “మేం చూసుకుంటాంలెండి” అంటాడు. అతను ఆఫీసుకెళ్లాక సాయంత్రం దాకా ఎవరు చూస్తున్నారన్నది కూడా కాగితం మీదికి ఎక్కాలి.

2. ఇంట్లోవాళ్లచేత అనువాదం చేయించుకోకండి. మూత్రం ఆగడం లేదని కోడలి ముందు అనలేక మింగేసినవాళ్లు నాకు తెలుసు. అంచనా కోసం ఫోన్ చేసినప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, పైసా ఖర్చు ఉండదు. మీకు నచ్చిన భాషలో మాట్లాడడం కొత్త చట్టం రాసిచ్చిన హక్కు.

3. ఆదాయం, ఆస్తుల వివరాలు ఇవ్వండి. నర్సు, ఫిజియోథెరపీ లాంటి వైద్య సేవలకు మన వాటా ఏమీ లేదు. మిగతావాటికి ఉంది. పథకం మొదలైన నాటి లెక్క ప్రకారం, పూర్తి పింఛను వచ్చేవాళ్లు స్నానం లాంటి సాయానికి 5 శాతం, ఇల్లు ఊడ్చడం, తోటపని లాంటివాటికి 17.5 శాతం ఇవ్వాలి. ఉన్నవాళ్లకైతే అవి 50, 80 శాతం దాకా పోతాయి. సాధారణంగా పదేళ్లు ఇక్కడ నివాసముంటేగానీ వృద్ధాప్య పింఛను రాదు. అందుకే మనలో చాలామంది వివరాలు ప్రభుత్వం దగ్గర ఉండవు. మీరు ఇవ్వకపోతే అందరికంటే ఎక్కువ వాటా వేస్తారు. ఊళ్లో పొలం, ఇల్లు ఉంటే అవీ చెప్పాల్సిందే. 2024 సెప్టెంబర్ 12 నాటికే ప్యాకేజీ ఉన్నవాళ్లకూ, మంజూరై ఎదురుచూస్తున్నవాళ్లకూ భారం పెరగకుండా రక్షణ ఉంది. ఆ తేదీ గుర్తుంచుకోండి. ఒంటి శుభ్రతను వైద్యంలో కలపకుండా దానికి వాటా అడగడం మాత్రం అన్యాయం. డబ్బుకు వెనకాడి వారానికి రెండు స్నానాలతో సరిపెట్టుకునే మనిషికి ఒళ్లు పుండ్లు పడితే, ఆ వైద్యం ఖర్చు ఎవరిది?

4. రేపటికని దాచకండి. బడ్జెట్ మూడు నెలలకోసారి వస్తుంది. మిగిలినదాంట్లో 1,000 డాలర్లు లేదా బడ్జెట్‌లో 10 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకే తర్వాతి మూడు నెలలకు వెళ్తుంది. బాత్‌రూమ్‌లో పట్టుకునే కమ్మీలకూ, వాకర్‌కూ వేరే నిధి ఉంది కాబట్టి వాటికోసం కూడబెట్టనక్కర్లేదు.

5. నెలనెలా వచ్చే స్టేట్‌మెంట్ చదవండి. నేను గోడ క్యాలెండర్ మీద మనిషి వచ్చిన టైమూ, వెళ్లిన టైమూ రాసి రెండూ పక్కపక్కన పెట్టుకుంటాను. ఒక సంస్థ ముప్పావుగంట పనికి గంటన్నర వేసింది. క్యాలెండర్ ఫోటో పంపాకే సరిచేశారు. జవాబివ్వకపోతే ఓపాన్ అనే సంస్థ మీ తరఫున ఉచితంగా మాట్లాడుతుంది. అడిగితే మనిషిని పంపడం మానేస్తారేమోనని భయపడకండి.

6. తూలడం మొదలైనప్పుడే అడగండి. 2025లో మంజూరు కోసం ఎదురుచూసేవాళ్లు లక్ష దాటారు. తుంటి విరిగాక ఆ వరుసలో నిలబడడం చాలా కష్టం.

7. చేయగలిగిన పని పెద్దాయన చేతే చేయించమనండి. మా ఇంటికొచ్చే అమ్మాయి మంచిదే, కానీ గబగబా చొక్కా గుండీలు పెట్టేసేది. మా ఆయన వేళ్లు వణుకుతాయి, పై గుండీ దగ్గరే ఐదు నిమిషాలు పడుతుంది, అయినా పెట్టుకోగలరు. కేర్ ప్లాన్‌లో ఆ సంగతి రాయించాను: “గుండీలు ఆయనే పెట్టుకుంటారు, తొందరపెట్టవద్దు.” కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా ముందు ఆ పేజీ చదివిస్తాను.