ఎండ ఎలక



మాది పాడేరు దగ్గర కొండ ఊరు. పోయిన ఇటుకల పండక్కి నేను ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ పసుపు ఉడకబెట్టి ఆరబోసింది. సాయంత్రం మబ్బు పట్టింది. ఇంటి రేకుల మీద మూడేళ్ళుగా కట్టి ఉన్న నీలం టార్పాలిన్ దించి కప్పాం. దించుతుంటేనే చిరిగింది. రాత్రి వాన నీళ్ళు దిగి పసుపుకి బూజు పట్టింది. సంతలో షావుకారు సగం ధరే ఇచ్చాడు. "ఎలకలు కొరికేశాయే" అంది అమ్మ.

నేను చూస్తే పంటి గాట్లు లేవు. రేకుకి ఆనిన చోట పొడిపొడిగా రాలుతోంది. చూరు కింద నీడలో మడత పెట్టిన అంచు మాత్రం గట్టిగానే ఉంది. గుడ్డ ఒక్కటే, ఏళ్ళూ అవే. మరి తేడా ఎందుకు? బడికి వచ్చి సైన్సు మాస్టారిని అడిగాను.

కారణం ఇది. టార్పాలిన్, డ్రిప్పు పైపు, నర్సరీ సంచి ఎక్కువగా పాలిథీన్‌తో చేస్తారు. పాలిథీన్ అంటే వేల కార్బన్ పరమాణువులు పూసల దండలాగ గుచ్చిన పొడుగు గొలుసు. ఎండలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. అవి గొలుసుని తెంపుతాయి. తెగిన చోట గాలిలోని ఆక్సిజన్ చేరుతుంది. అది పక్క గొలుసులు కూడా తెగేలా చేస్తుంది. వేడి ఈ పనిని తొందర చేస్తుంది. 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యలు సుమారు రెండింతలు వేగంగా జరుగుతాయి. అందుకే కాలిన రేకుకి ఆనిన చోటే ముందు పోయింది. పాలిథీన్ కరగాలంటే 100 డిగ్రీలు దాటాలి. కాబట్టి మా టార్పాలిన్ కరగలేదు, లోపల తెగింది.

డ్రిప్పు పైపు నల్లగా ఎందుకుంటుంది? అందులో సుమారు 2 శాతం కార్బన్ మసి కలుపుతారు. ఆ మసి కిరణాలను తన మీద వేసుకుంటుంది. కొన్ని యూరియా సంచులు పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. అది ఎండకి ఇంకా తొందరగా పోతుంది.

రాలిన ముక్కలు మట్టి అయిపోవు. 5 మిల్లీమీటర్ల కంటే చిన్నవాటిని మైక్రోప్లాస్టిక్ అంటారు. అవి పొలంలోనే ఉండిపోతాయి.

మనం చేయవలసినవి:
1. పని అయ్యాక టార్పాలిన్ మడిచి నీడలో పెట్టాలి.
2. రేకు మీద కప్పవలసి వస్తే మధ్యలో గడ్డి వేయాలి.
3. పెళుసు కాకముందే పాత షీటు పొలంలోంచి తీసెయ్యాలి.
4. ప్లాస్టిక్ కాల్చరాదు. పొగ విషం.

ఇదంతా అమ్మకి మా భాషలో చెప్పాను. ఆక్సిజన్‌కి మా భాషలో మాట లేదు, గాలి అన్నాను. అమ్మ విని, "అయితే ఎండ కూడా ఎలకేనన్నమాట" అంది. అప్పు చేసి కొన్న కొత్త టార్పాలిన్ ఇప్పుడు అటక మీద ఉంది.

మన హాస్టల్ డాబా మీద కూడా ఒకటి ఎండుతోంది. శనివారం మా గదివాళ్ళం మడుస్తాం. మీరూ రండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని