నొప్పి పోయింది, కండ మానలేదు

ప్రశ్న: కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నాను. వంద మీటర్లు తీస్తుంటే ఎడమ తొడ వెనక నరం పట్టేసింది. నూనె రాయించి లాగించాను. మూడు వారాలకి నొప్పి పోయింది. మళ్లీ పరుగు తీసిన రోజే అక్కడే పట్టేసింది. ఇంక నాకు ఉద్యోగ యోగం లేనట్టేనా?
- ఒక అభ్యర్థి, అరసవల్లి

జవాబు: యోగానికేం లోటు లేదు బాబూ, నీ తొందరే అడ్డం. ప్రతి నోటిఫికేషన్‌కీ ఇలాంటి కుర్రాళ్లు వస్తారు. తొడ వెనక నీలం మచ్చ మోకాలి గుంట దాకా జారి ఉంటుంది. అయినా అడిగేది ఒకటే, ‘రేపు పరిగెత్తొచ్చా సార్?’ అని.

పట్టేసింది నరం కాదు, కండ. తొడ వెనకున్న మూడు కండరాలనే ఆటగాళ్లు హామ్‌స్ట్రింగ్ అంటారు. పూర్తి వేగంలో కాలు ముందుకు విసిరి, పాదం నేలకి ఆనబోయే క్షణంలో అవి ఒకపక్క సాగుతూనే కాలి విసురుని ఆపాలి. పోగులు తెగేది అక్కడే. 2017లో లండన్‌లో, తన ఆఖరి రిలేలో ఉసేన్ బోల్ట్ ట్రాక్ మీద కూలిపోయిందీ ఈ కండ పట్టేసే. తెగిన చోటే పిసికి లాగిస్తే ఇంకాస్త తెగుతుంది. మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున పెట్టి, క్రేప్ బ్యాండేజీ కట్టి, కాలు ఎత్తు మీద ఉంచాలి. తర్వాత మెల్లగా నడవాలి. మంచం పట్టెయ్యకూడదు.

నొప్పి ముందు పోతుంది, బలం చాలా వెనక వస్తుంది. ఆ మధ్య రోజుల్లోనే నువ్వు పరిగెత్తావు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి నడుము పైకెత్తు. ముందు రెండు కాళ్ల మీద, అలవాటయ్యాక ఒంటికాలి మీద. అది సుళువయ్యాక మోకాళ్ల మీద నిలబడు. స్నేహితుడు మడమలు గట్టిగా పట్టుకుంటే, నడుము వంచకుండా వీలైనంత మెల్లగా ముందుకు వాలు. దీన్ని క్రమం తప్పకుండా చేసిన ఫుట్‌బాల్ జట్లలో ఈ గాయాలు దాదాపు సగానికి తగ్గాయి.

ఇలా బలం పెంచే కసరత్తులు, బరువులు చేస్తే కాళ్లు మొద్దుబారతాయని మన రన్నర్లకి ఒక భయం. ఊసవానిపేట నుంచి వెళ్లి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది మీ అరసవల్లి ఉన్న ఈ జిల్లాయే. ఇక్కడి పిల్లలు బరువుకి భయపడితే నాకు మనసు కష్టంగా ఉంటుంది.

చిన్న పట్టయితే రెండు మూడు వారాలు, నడిరకమైతే నెల నుంచి రెండు నెలలు. నీది రెండోసారి కాబట్టి ఒకటో రోజు నుంచి లెక్కపెట్టుకో, ఫిజియోథెరపిస్టుకి చూపించుకో. సగం వేగం, ముప్పావు, తర్వాతే పూర్తి వేగం. సివిల్ కానిస్టేబుల్‌కి 1600 మీటర్లు తప్పనిసరి, 100 మీటర్లూ లాంగ్ జంపుల్లో ఒకటి నెగ్గితే చాలు. ముందు 1600 కాపాడుకో. నొప్పి మాత్ర మింగి మాత్రం పరుగుకి దిగకు.

ప్రశ్న: వేడి కాపడం ఎప్పుడు పెట్టొచ్చు?
జవాబు: మూడు రోజులు దాటి, వాపు తగ్గాక.

ప్రశ్న: బస్సులో రాత్రంతా కూర్చుని వచ్చాను. పిక్క పట్టేసింది. ఒక్క కాలే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంది. మా అత్తగారు నూనె రాయమంటున్నారు.
జవాబు: రాయకండమ్మా. ఇది పట్టు కాకపోవచ్చు, లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. పిసికితే ఆ గడ్డ ఊపిరితిత్తులకి చేరే ప్రమాదం ఉంది. ఇవాళే, ఈ పూటే ఆస్పత్రికి వెళ్లి స్కానింగ్ చేయించుకోండి. ఆయాసం గానీ గుండెల్లో నొప్పి గానీ ఉంటే 108కి ఫోన్ చేయండి.