కత్తెర నుండి కంప్యూటరు వరకు

చలనచిత్రమును చూచునపుడు మనకు నటులు కనబడుదురు; గాయకుల కంఠము వినబడును. కాని దృశ్యములను ఏరి, కూర్చి, కథగా నిలిపిన ఎడిటరు ఎవ్వరికిని కనబడడు. ఆ పని ఎంతటిదో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. 1979వ సంవత్సరమున విడుదలయైన 'అపోకలిప్స్ నౌ' అను అమెరికా చిత్రమునకై సుమారు 12,50,000 అడుగుల ఫిల్ము తీసిరి. దానిని ఆపక చూచినచో 230 గంటలు పట్టును. విడుదలయైన చిత్రము మాత్రము రమారమి రెండున్నర గంటలే. తక్కినదంతయు కత్తెర పాలయ్యెను.

ఆ కాలమున అది నిజముగనే కోతపని. 35 మిల్లీమీటర్ల ఫిల్మున అడుగునకు 16 బొమ్మలుండును. తెరపై సెకనుకు 24 బొమ్మలు కదలును. ఎడిటరు ఫిల్మును యంత్రముపై చూచి, వలసిన చోట కోసి, ముక్కలను అంటించుచుండెను. మనసు మారినచో అతుకు విప్పి మరల అంటింపవలసినదే.

ఆ చిత్రపు ఎడిటర్లలో వాల్టర్ మర్చ్ ఒకరు. నిలుచుండియే పనిచేయుట ఆయన అలవాటు. పాతపనిలో ఆరితేరియు ఆయన కొత్త పనిముట్టునకు వెనుదీయలేదు. 1996లో వచ్చిన 'ది ఇంగ్లిష్ పేషెంట్' చిత్రమును కంప్యూటరుపై కూర్చి ఆస్కారు బహుమానము నందెను. అట్లు కూర్చిన చిత్రమునకు ఎడిటింగులో ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము. 2003లో వచ్చిన 'కోల్డ్ మౌంటెన్' చిత్రమునకు 'ఫైనల్ కట్ ప్రో' అను చౌకయైన సాఫ్ట్‌వేరును, అంగడిలో ఎవరైనను కొనదగిన కంప్యూటర్లపై ప్రయోగించెను.

నేడు అట్టి పని ల్యాప్‌టాపుపై సాధ్యమగుచున్నది. అయినను దాని మోత తక్కువది కాదు. 4కె వీడియోలోని ఒక్క బొమ్మలో 82,94,400 చుక్కలుండును. స్థలము ఆదాకై కెమెరా ప్రతి బొమ్మను పూర్తిగా దాచక, తరచుగా మారిన అంశములనే వ్రాసికొనును. కావున నడిమి బొమ్మ నొకదానిని చూపుటకు కంప్యూటరు దాని ఇరుగుపొరుగు బొమ్మలను గూడ లెక్కగట్టవలెను. అందుచే బలమైన ల్యాప్‌టాపు సైతము వేడెక్కి వేగము తగ్గవచ్చును. దీనికొక ఉపాయము కలదు. చిన్న నకళ్లను చేసి, వానితో కూర్పు ముగించి, తుదిప్రతిని అసలు వీడియోనుండి తీయుదురు. ఈ నకళ్లకే ప్రాక్సీలని పేరు.

సాఫ్ట్‌వేరు అసలు వీడియోను కోయదు. 'ఇచ్చట మొదలు, అచ్చట ముగింపు' అని గుర్తు మాత్రమే వ్రాసికొనును. కనుక నూరుసార్లు మార్చి చూడవచ్చును. అయితే అసలే పోయినచో ఏ సాఫ్ట్‌వేరును దానిని తిరిగి కూర్పజాలదు. కొత్తదానిని పరీక్షించుటకు ముందే అసలునకు వేరొక డిస్కులో ప్రతిని దాచుట వివేకము.

ఇంతకు మించిన జాగ్రత్త మరియొకటి కలదు. 'ఆధారము చూపినచో అంగీకరింతును' అని ఒకడు పలికెననుకొనుడు. మొదటి రెండు మాటలను తొలగించినచో, అతడు ఏ నియమమును లేక ఒప్పుకొనినట్లు లోకము నమ్మును. మిగిలిన మాట అతనిదే. అర్థము మాత్రము అతనిది కాదు. పూర్వము ఇట్టి కోతకు యంత్రమును, నేర్పును వలసియుండెను. నేడు బాలుడైనను క్షణములో చేయగలడు. కోయు విధమును యంత్రము నేర్పును. ఏది కోయరాదో మనమే నేర్చుకొనవలెను.

ప్రశ్నలు

1. ప్రాక్సీల ఉపయోగమేమి?
2. ఫిల్ము కూర్పునకును, కంప్యూటరు కూర్పునకును గల భేదమును తెలుపుము.
3. మాటలను మార్చకయే అర్థమును మార్చుట ఎట్లు? సోదాహరణముగ వ్రాయుము.