మూత తెరిచి పెట్టమ్మా చెల్లీ

ఏమ్మా చెల్లీ, పిల్లలకు రాకెట్ చూపించడానికి శ్రీహరికోటకి పోతున్నాం, దారిలోకి ఏం చేసుకుపోవాలక్కా అని అడిగావు కదా. పులిహోర, పెరుగన్నం ఎటూ ఉంటాయి. ఈసారి వెజ్ పఫ్‌లు చెయ్యి. ప్లేటు అక్కర్లేదు, స్పూను అక్కర్లేదు, చెయ్యి కడుక్కునే పని కూడా తక్కువే. కాకపోతే నాకు జరిగిన పరాభవం ముందు విను.

2019 జులై 15. చంద్రయాన్-2 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు ఎగరాలి. ప్రయోగం చూసే గ్యాలరీలో మాకు చోటు దొరకలేదు. సూళ్లూరుపేటలో చెంగాళమ్మకు దణ్ణం పెట్టుకుని, పులికాట్ గట్టున చాప పరుచుకుని కూర్చున్నాం. నేను సాయంత్రమే పఫ్‌లు కాల్చి, పొగలు కక్కుతుండగానే స్టీలు డబ్బాలో సర్ది మూత బిగించాను. వేడివేడిగా తిందామని నా ఆశ! అర్ధరాత్రి దాటాక మూత తీస్తే ఏముంది, లోపలంతా చెమట. పొరలన్నీ అతుక్కుపోయి తడిగుడ్డ మడతల్లా ఉన్నాయి. మా అత్తగారు ఒకటి చేతిలోకి తీసుకుని, "ఏందమ్మే, పఫ్పులని జెప్పి బూరెలు తెచ్చావా?" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతలో ప్రయోగానికి 56 నిమిషాల ముందు కౌంట్‌డౌన్ ఆపేశారు, ఏదో సాంకేతిక లోపమట. గట్టు మీదంతా ఉసూరుమన్నారు. నా పఫ్‌ల సంగతి ఎవరికీ గుర్తులేకుండా పోయినందుకు నేను మాత్రం లోలోపల కాస్త ఊపిరి పీల్చుకున్నాను. పాపం శమించుగాక!

ఆ వారమంతా ఇంట్లో నాది పఫ్‌ల పరిశోధనే. తేలిందేమిటంటే, వీటికి మూడు చోట్ల చల్లదనం కావాలి. వెన్న చల్లగా ఉండాలి, కూర చల్లారాలి, కాలిన పఫ్ చల్లారాలి. ఈ మూడింట్లో ఎక్కడ తొందరపడినా చేసిందంతా దండగే.

ముందు పిండి. పావుకిలో మైదా, అర స్పూను ఉప్పు, ఒక స్పూను నిమ్మరసం, రెండు స్పూన్ల వెన్న వేసి, సుమారు అరగ్లాసు ఐసునీళ్ళతో కలిపి అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. 180 గ్రాముల వెన్నను బటర్ పేపర్ల మధ్య పలకలా వత్తి అదీ ఫ్రిజ్‌లో పెట్టు. తర్వాత పిండిని చదరంగా వత్తి, మధ్యలో వెన్న పలక పెట్టి, నాలుగు వైపులా కప్పేసి పొడుగ్గా వత్తు. చీర మడత పెట్టినట్టు మూడు మడతలు వెయ్యి. మళ్ళీ అరగంట ఫ్రిజ్. ఇట్లా నాలుగుసార్లు. మడత మడతకీ పొరలు మూడింతలవుతాయి, నాలుగో మడతకి లోపల వెన్న పొరలు 81! మన మడత కాజాకి పొరల మధ్య నెయ్యి పూయడం లేదూ, అదే కిటుకు. పొయ్యి వేడికి పిండిలోని తడి ఆవిరై పొరల్ని పైకి నెడుతుంది, మధ్యలో వెన్న ఉండబట్టి అవి అతుక్కోవు. అందుకే వత్తేటప్పుడు వెన్న కరిగిందా, పిండిలో కలిసిపోయి పఫ్ కాస్తా బిస్కెట్టవుతుంది. మన జులై ఎండకి వంటింట్లో వెన్న ఎంతసేపు నిలుస్తుంది చెప్పు! వత్తే పని తెల్లవారుజామునే పెట్టుకో. మధ్యలో గంటలకొద్దీ కరెంటు పోయిందా, ఆ పూటకి పఫ్ ఊసెత్తక పొంగణాలు పోసుకో. ఇంత ఓపిక లేదంటావా, దుకాణాల ఫ్రీజర్లలో అమ్మే తయారు పఫ్ షీట్లున్నాయి, తప్పేం లేదు. అట్ట మీద పచ్చ చుక్క, లోపల వాడిన కొవ్వు పేరు మాత్రం చూసి తెచ్చుకో.

ఇక కూర. మూడు ఉర్లగడ్డలు ఉడకబెట్టి, ఎర్రగడ్డ, క్యారెట్, పచ్చి బఠాణీలు, అల్లం, పచ్చిమిరపకాయలతో పొడిపొడిగా వేయించు. చివర్న రెండు స్పూన్ల పప్పుల పొడి చల్లు, మిగిలిన తడిని అది పీల్చుకుంటుంది. ఎర్రగడ్డ తినని పెద్దవాళ్ళుంటే అది మానేసి ఇంగువ వెయ్యి. కూరను పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లార్చాకే పిండి ముక్కల్లో పెట్టు. వేడి కూర పెడితే కింది పొర అక్కడే కరిగి కూర్చుంటుంది.

మడతలేసిన పిండిని చివరిసారి వత్తి, ముక్కలు పదునైన కత్తితో ఒక్క వేటుకి కొయ్యి, రంపంలా లాగొద్దు. ఒక్కో ముక్కలో కూర పెట్టి మడిచెయ్యి. బేకరీల్లో మెరుపు కోసం పైన గుడ్డు సొన పూయడం ఉంది కాబట్టి గుడ్డు తినని ఇంటివాళ్ళు కొనేముందు అడగడం మంచిది. మనం పాలు పూద్దాం. పైన మాత్రమే పూయి, కోసిన అంచులకి తగిలితే పొరలు అతుక్కుని లేవవు. ఓవెన్ ముందే 200 డిగ్రీలకి వేడెక్కాలి. పాతిక నిమిషాలకి బంగారు రంగొస్తుంది. మధ్యలో తలుపు తీసి తొంగి చూడకు. ఈ కొలతకి పన్నెండు దాకా అవుతాయి.

తీసిన పఫ్‌లను జల్లెడ మీద పరిచి చల్లారనివ్వు. వెదురు బుట్టలో నూలుగుడ్డ పరిచి పేర్చు. డబ్బానే ఉంటే మూత బిగించకు. అచ్చు కాగితంలో చుట్టకు, సిరా తిండికి అంటుతుంది. ఉర్లగడ్డ కూర ఎండకి నిలవదు కనుక బయల్దేరే ముందు కాల్చి, రెండు మూడు గంటల్లో తినేట్టు చూసుకో.

సరిగ్గా వారానికి, జులై 22న, మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలకు చంద్రయాన్-2 లేచింది. మళ్ళీ అదే గట్టు, అదే చాప, ఈసారి వెదురు బుట్ట. మబ్బుల్లోకి పోయిన రాకెట్ ఉరుము ఆగాక అత్తగారు పఫ్ కొరికారు. కరకరమని నా చెవిదాకా వినపడింది. "ఇంకోటి ఇయ్యమ్మే" అన్నారు. ఆ ఒక్క మాటకి వారం రోజుల అలసట తీరిపోయింది.

చివరగా ఒక్క మాట. చలికాలంలో ఆ పులికాట్ నీళ్ళలోకే రాజహంసలు ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చి దిగుతాయి. మనం తిన్న కవర్లూ కాగితాలూ గట్టున పారేసి రావద్దు, మన బుట్టలోనే ఇంటికి తెచ్చుకుందాం. బుట్ట ఎటూ ఖాళీగానే ఉంటుంది, పఫ్‌లు మిగిలితే కదా!